గవర్నరు గారి చదివింపులు

కాస్త కుదురుగా కూర్చోండి. ఇప్పుడు చెప్పబోయేది నా కన్నకూతురికి దొరక్క దొరక్క దొరికిన ఒక్క అవకాశాన్ని నేనే, నా నోటితో, మైకు పట్టుకుని మరీ ఎలా తగలబెట్టానో ఆ వైనం. నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటపడకండి. మా ఇంట్లో కూడా ఈమధ్యే నవ్వడం మొదలుపెట్టారు, కాకపోతే నేను గదిలో లేనప్పుడు.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. మాది రేపల్లె దగ్గర. పద్నాలుగో ఏట మొదలుపెట్టి విమానం ఎక్కేదాకా మా చుట్టుపక్కల ఏ పెళ్లయినా చదివింపుల మైకు నాదే. మీరు చూసే ఉంటారు. తలంబ్రాలయ్యాక ఒకాయన పుస్తకంలో రాసుకుంటుంటే, ఇంకొకడు పక్కన నిలబడి ఊరంతా వినపడేలా అరుస్తాడు: "శ్రీ వెంకటరత్నం గారు వధూవరులకు చదివించిన కట్నం ఐదువందల పదహార్లూ...!" ఆ చివరి 'లూ'ని ఎంత సాగదీస్తే ఇచ్చినాయనకి అంత పరువు. నేను సాగదీశానంటే సన్నాయి ఊదేవాడు మంచినీళ్లు తాగొచ్చేవాడు.

పెళ్లికి రాలేకపోయిన వాళ్లు డబ్బు ఇంకొకరి చేతికిచ్చి పంపుతారు. దాన్ని "ఫలానా వారి తరఫున ఫలానా వారు" అని ఇద్దరి పేర్లూ చదవాలి. ఒక్క పేరు మింగినా కొంప కొల్లేరే. ఒకసారి నేను పెళ్లికొడుకు మేనమామ పేరు మర్చిపోతే ఆయన ఆరు నెలలు మా వీధిలో నడవడం మానేశాడు. మా నాన్న ఆయన ఇంటికి వెళ్లి బతిమాలుకోవాల్సొచ్చింది. అప్పట్నుంచీ నిద్రలో లేపి అడిగినా ఇద్దరి పేర్లూ చదువుతాను.

ఈ విద్యతో పాటు ఒక సూట్‌కేసూ, ఒక పెళ్లామూ, రెండేళ్ల కూతురూ వెంటరాగా టెక్సాస్‌లో దిగాను. ప్లేనోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. నా తప్పులు పట్టుకోవడానికి మా ఆవిడ లలిత ఉంది. బారసాల అయినా, గృహప్రవేశం అయినా, ఇక్కడి మనవాళ్లందరికీ మైకు మనిషిని నేనే. "సాంబశివరావు గారు వస్తే సౌండ్ సిస్టం అక్కర్లేదు" అంటుంటారు. దాన్ని పొగడ్త అనుకునేవాణ్ణి.

గ్రీన్‌కార్డుకి క్యూలో నిలబడి అప్పటికి చాలా ఏళ్లయింది. సర్వదర్శనం క్యూ అయినా రెండో రోజుకో మూడో రోజుకో దేవుణ్ణి చూపించి పంపిస్తుంది. మా క్యూ కదలదు. నాకూ, మా ఆవిడకీ పర్వాలేదు, నిలబడతాం, కాళ్లు అలవాటు పడ్డాయి. అసలు గుండెల మీద కుంపటి మా అమ్మాయి సాహితి. పిల్లలు ఇరవై ఒకటి నిండేదాకానే మా వీసా కింద ఉండాలి. ఇరవై ఒకటో పుట్టినరోజున, "నువ్వు పెద్దదానివయ్యావు, ఇక క్యూలోంచి నడు" అంటారు. రెండేళ్లప్పుడు చంకనేసుకొచ్చిన పిల్ల. బస్సెక్కి కిండర్‌గార్టెన్‌కి వెళ్లింది ఇక్కడే, పళ్లూడింది ఇక్కడే, ఇప్పుడు యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది ఇక్కడే. తెలుగులో మాట్లాడితే ఎవరో దొరసాని నేర్చుకుని మాట్లాడినట్టుంటుంది. ఆ ఏడు ఆగస్టుకి దానికి ఇరవై ఒకటి నిండుతుంది.

సరిగ్గా ఆ జూన్‌లో మా ఊరికి ఒక మాజీ గవర్నరు వస్తున్నాడని తెలిసింది. ఏ రాష్ట్రమో, ఏ పార్టీయో అడక్కండి, నాకింకా వీసా ఉంది. ఆయన వచ్చే ఎన్నికల్లో ప్రెసిడెంటుగా నిలబడతాడని అమెరికా అంతా చెప్పుకుంటోంది. ఆయన ఒక్కడే చెప్పడు. ఇలా నిలబడీ నిలబడని పెద్దమనుషులు ముందుగా ఒక కమిటీ పెట్టుకుంటారు. దాన్ని ప్యాక్ అంటారు. నిలబడతానని అనకుండానే ఊరూరా విందులకెళ్లి ఆ ప్యాక్‌కి డబ్బు పోగేసుకుంటారు. పెళ్లిచూపులకొచ్చి, "ఊరికే ఇటుగా వెళుతూ చూసిపోదామని వచ్చామండీ" అనేవాళ్లుంటారు చూశారూ, అచ్చం అలాగన్నమాట.

విందు డాక్టర్ రాఘవేంద్ర గారింట్లో. ఆయన గుండె డాక్టరు. పెద్ద ఇల్లు, వెనక స్విమ్మింగ్ పూల్, ముందు సొంత రోడ్డులాంటి డ్రైవ్‌వే. ఐదు వేల డాలర్లు ఇచ్చినవాళ్లు ఒక గెస్టుని తెచ్చుకోవచ్చు, ఆ ఇద్దరూ గవర్నరు గారి ఎదురుగా కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడొచ్చు.

రెండు నిమిషాలు! ఆ మాట వినగానే నా బుర్రలో బల్బు వెలిగింది. మా సాహితి ఆయన ఎదురుగా కూర్చుని, తన నోటితో, తన ఇంగ్లీషులో, "సార్, నాలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు, మేం ఎక్కడికి పోవాలి?" అని అడిగితే? రేపు ఆయన నిజంగానే పెద్ద కుర్చీలో కూర్చుంటే? ఒక్క మొహం గుర్తుండిపోతే చాలదా? ఇది పిచ్చి ఆశ అని మీకిప్పుడు అనిపిస్తోంది. మీ పిల్లకి ఇరవై నిండి పది నెలలైతే అలా అనిపించదు.

చిక్కేమిటంటే నేను డబ్బివ్వకూడదు. సిటిజన్లూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ తప్ప ఇంకెవరూ ఇవ్వకూడదని చట్టం. ఈ గోడు నా స్నేహితుడు ప్రభాకర్‌తో వెళ్లబోసుకున్నాను. వరంగల్ మనిషి, ప్రాణం ఇచ్చే రకం. సిటిజన్ అయ్యి రెండేళ్లు కూడా కాలేదు.

"గింతేనా అన్నా? నువ్ పైసలు నాకియ్యి, నేను నా పేరు మీద ఆళ్లకిస్త. పోరిని నా గెస్టుగ తీస్కపోత. ఖతం."

"చట్టం ఒప్పుకుంటుందా?"

"చట్టానికి ఎట్ల ఎరుకైతది? నువ్ చెప్తవా, నేను చెప్తనా?"

నిజమే కదా అనిపించింది. మన పెళ్లిళ్లలో ఒకరి తరఫున ఇంకొకరు చదివించడం లేదూ? ఇందులో నేరమేముంది? ఈ ముక్కే సాహితి దగ్గర, ఊరికే మాటవరసకి అన్నట్టు కదిపాను. అది లాప్‌టాప్ మూసేసి నా వైపు తిరిగింది.

"నాన్నా, అది ఇల్లీగల్. ఇంకో పర్సన్ నేమ్‌లో డబ్బు ఇవ్వకూడదు. జైల్ కూడా ఉంది. నువ్వు అలా చెయ్యట్లేదు కదా?"

"ఛఛ! ప్రభాకర్ అంకుల్ తన డబ్బే ఇస్తున్నాడమ్మా. గెస్టుగా నిన్ను రమ్మన్నాడు."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఇది నా మొదటి తప్పు. రెండోది చూస్తే ఇది చంటిపిల్ల.

ఆ మాట నమ్మి సాహితి మూడు వారాలు తయారైంది. ఒక పేజీ రాసుకుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని వంటింట్లో, బాత్రూంలో, కార్లో అదే చదువుకుంది. "నా పేరు సాహితి. నేను టెక్సాస్ వచ్చినప్పుడు నాకు రెండేళ్లు" అని మొదలయ్యేది. మొదట మూడు నిమిషాలు పట్టింది. కోసి, కోసి, ఒక నిమిషం యాభై సెకండ్లకి తెచ్చింది. "మిగతా పది సెకండ్లు ఎందుకమ్మా?" అంటే, "ఆయన ఆన్సర్ చెయ్యాలి కదా నాన్నా" అంది. లలిత వంట చేస్తూ చేస్తూ వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను ఖాళీ కప్పులోంచే కాఫీ తాగాను.

ఆదివారం మధ్యాహ్నం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. డాక్టరు గారి హాల్లో అరవై మంది దాకా ఉన్నాం, దాదాపు అందరూ మనవాళ్లే. చెక్కుకి ఒక్క గెస్టే కాబట్టి లలిత ఇంట్లోనే ఉండిపోయింది. మైకు ఎవరిదో వేరే చెప్పాలా? డాక్టరు గారు నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి, "మీరు మొదలుపెడితేనే కళ కదండీ" అన్నారు. ఊరికే మైకు పట్టుకుంటే తప్పులేదటలెండి, కనుక్కునే ఒప్పుకున్నాను. అంత జాగ్రత్త మనిషిని.

గవర్నరు గారి తరఫున కెల్లీ అనే అమ్మాయి వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి, మెళ్లో కార్డు, చేతిలో రెండు ఫోన్లు, మొహంలో నిద్రలేదు. నన్ను పక్కకి తీసుకెళ్లి పాఠం చెప్పింది. అంతా ఇంగ్లీషులోనే, మీకు మన భాషలో చెబుతున్నాను.

"సర్, ఆయన్ని కాండిడేట్ అనకూడదు."

"సరేనమ్మా. కాబోయే ప్రెసిడెంటు గారు అంటాను."

"అది అస్సలు అనకూడదు!"

"మరి ఏమనాలి?"

"మాజీ గవర్నర్. దేశం గురించి ఆలోచిస్తున్నారు."

"నిలబడాలా వద్దా అని ఆలోచిస్తున్నారన్నమాట."

"కాదు సర్. దేశం గురించి."

"మరి ఈ డబ్బు దేనికమ్మా?"

"ఆలోచించడానికి."

ఐదు వేలు పెడితే గానీ ఆలోచన రాదంటే జాలేసింది. సరేనని తలూపాను. కాండిడేట్ అనే మాట ఆ రోజంతా ఒక్కసారి కూడా నా నోట రాలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి.

ఒంటిగంటకి రావాల్సిన మనిషి రెండు కావస్తున్నా రాలేదు. సమోసాలు చల్లారిపోయాయి. ఇచ్చినవాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. సాహితి గోడ పక్కన నల్ల కోటు వేసుకుని, ఫైలు గుండెలకి ఆనించుకుని, పెదాలు కదుపుతూ కూర్చుంది. కెల్లీ ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లింది. ఇద్దరు డాక్టర్లు లేచి కార్ల తాళాలు వెతుక్కుంటుంటే రాఘవేంద్ర గారు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"సాంబశివరావు గారూ, ఏదో ఒకటి నడిపించండి బాబూ! వీళ్లు లేచిపోయేలా ఉన్నారు."

"ఏం నడిపించమంటారు?"

ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. "ఇదిగో, ఇచ్చినవాళ్ల పేర్లు. సరదాగా చదవండి."

సరదాగా అన్నారు చూశారూ, అక్కడ చెడింది. కాగితం మీద పేర్లు, పేర్ల పక్కన అంకెలు, చేతిలో మైకు, ఎదురుగా పట్టుచీరలు. నేను ప్లేనోలో ఉన్నాననే సంగతి మర్చిపోయాను.

"శ్రీ డాక్టర్ రాఘవేంద్ర గారు, మాజీ గవర్నరు గారికి చదివించిన కట్నం ఐదు వేలూ...!"

హాలు ఘొల్లుమంది. వెనక వరుసలో ఎవరో నోటితోనే సన్నాయి ఊదారు. ఇంకొకాయన ప్లేటు మీద స్పూనుతో డోలు వాయించాడు. లేచిన డాక్టర్లు మళ్లీ కూర్చున్నారు. "పదహార్లు ఏవయ్యా? పదహార్లు కలపవేం?" అని ఒక పెద్దాయన అరిచాడు.

"కలపకూడదు బాబాయ్ గారూ! ఐదు వేలు దాటితే చట్టం ఒప్పుకోదు!" అన్నాను.

చట్టం! నేను! చట్టం గురించి చెబుతున్నాను!

రెండో పేరు, మూడో పేరు. ఒక్కో పేరుకీ చప్పట్లు. ఒక పెద్దావిడ తన పేరు రెండోసారి చదివించుకుంది. నాకు ఒళ్లు తెలియడం లేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో తల వంచుకుని, నోరు దగ్గర పెట్టుకుని బతుకుతున్నానండీ. ఆ పది నిమిషాలు మాత్రం నేను రేపల్లె సాంబశివరావుని. ఆ ఊపులో ఉండగా తొమ్మిదో పేరు వచ్చింది. ప్రభాకర్ పేరు. పక్కన ఐదు వేలు.

ఎవరి డబ్బో నాకు తెలుసు. ఇద్దరి పేర్లూ చదవాలని నా నాలుక్కి తెలుసు.

"రేపల్లె వాస్తవ్యులు శ్రీ సాంబశివరావు గారి తరఫున, శ్రీ ప్రభాకర్ గారు చదివించిన కట్నం ఐదు వేలూ..."

ఆ 'లూ' సగంలో ఉండగా ప్రభాకర్ మొహం కనపడింది. పీనుగు మొహంలా పాలిపోయింది. ఏం చేశానో అప్పుడు తెలిసింది. అయితే అప్పటికే సాగదీస్తున్నాను, మధ్యలో ఆపితే బాగోదని చివరిదాకా లాగి మరీ ముగించాను. నా అంత పనిమంతుడు లేడు.

సన్నాయి ఆగిపోయింది. స్పూను ఆగిపోయింది. చట్టం తెలిసినవాళ్లు నేల చూస్తున్నారు, తెలియనివాళ్లు చప్పట్లు కొడుతున్నారు. సరిగ్గా అప్పుడే కెల్లీ గుమ్మంలోకి వచ్చింది. భాష రాకపోయినా గదిలో గాలి మారిందని ఆ అమ్మాయికి తెలిసిపోయింది. తిన్నగా సాహితి దగ్గరికి వెళ్లి అడిగింది.

"ఇప్పుడు ఆయన ఏమన్నారు?"

సాహితి నా వైపు చూసింది. ప్రామిస్ చేసిన నాన్న వైపు. ఆ చూపు మీకు వర్ణించలేను, వర్ణించడం నాకిష్టం లేదు. ఫైలుని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, కెల్లీ వైపు తిరిగి, "తన ఫ్రెండ్‌కి థాంక్స్ చెప్తున్నాడు" అంది. ఇరవై ఏళ్లలో ఆ పిల్ల అబద్ధమాడగా చూడటం నాకదే మొదటిసారి.

గట్టెక్కామనుకున్నాను. కానీ పక్క కుర్చీలో డాక్టరు గారి అత్తగారు సుగుణమ్మ గారు కూర్చున్నారు. ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఎక్కడ తప్పు కనపడినా దిద్దకుండా ఉండలేరు.

"నో, నో, మై డియర్," అన్నారావిడ కళ్లజోడు సర్దుకుంటూ. "నాట్ థాంక్స్. ద మనీ ఈజ్ హిజ్. హి హాజ్ గివెన్ ఇట్ త్రూ హిజ్ ఫ్రెండ్. ఇన్ అవర్ కస్టమ్, వి ఆల్వేస్ అనౌన్స్ బోత్ నేమ్స్."

వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. పైగా నా వైపు చూసి, ఎంత పెద్ద మనసు నాయనా అన్నట్టు చేతులు జోడించారు.

కెల్లీ నడుచుకుంటూ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుని, స్విచ్ ఆపి, బల్ల మీద పెట్టింది.

"సర్, మీరు సిటిజనా?"

"కాదమ్మా."

"గ్రీన్‌కార్డ్?"

"క్యూలో ఉన్నానమ్మా."

ఆ అమ్మాయి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత ఫోన్‌లో ఎవరో లాయరుతో మాట్లాడింది. నా పేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరం చెప్పింది. పద్దెనిమిదేళ్లలో నా పేరు తప్పులేకుండా పలికిన మొదటి అమెరికన్ ఆమే.

"మీరూ, మీ ఫ్రెండూ, మీ అమ్మాయీ ఇప్పుడే వెళ్లిపోవాలి," అంది. "గవర్నర్ ఐదు నిమిషాల్లో వస్తున్నారు. ఆయన వచ్చేసరికి మీరు ఈ ఇంట్లో ఉండకూడదు. చెక్కు వెనక్కి పంపేస్తాం."

"నేను పోతానమ్మా. మా అమ్మాయిని ఉండనివ్వు. దానికేమీ తెలీదు. రెండు నిమిషాలు, అంతే."

"ఆమె ఎవరి గెస్ట్?"

"ప్రభాకర్ గెస్టు."

"ఆ చెక్కు ఎవరిది సర్?"

కెల్లీ కోపంగా కూడా లేదు. ఆ అమ్మాయి ఉద్యోగం ఆ అమ్మాయిది. "ఐ యాం సారీ" అంది, సాహితి వైపు చూడకుండా.

డాక్టరు గారు మమ్మల్ని గరాజ్ తలుపులోంచి బయటికి పంపించారు. ఫ్రిజ్జులూ, గోల్ఫ్ కర్రలూ, వాటర్ బాటిళ్ల కట్టలూ దాటుకుంటూ వెళ్లాం. "మళ్లీ కలుద్దాం అండీ" అన్నారాయన. ఇప్పటిదాకా కలవలేదు.

బయటికి రాగానే ప్రభాకర్ బరస్టయ్యాడు.

"నీ నోట్ల మన్నువడ! నాకు పిల్లలున్నరన్నా! సిటిజన్‌షిప్ దీస్కొని రెండేండ్లు గాలే! పేరు నాది, సంతకం నాది. నన్ను బట్టుకపోతే ఎట్ల?"

"తప్పయింది ప్రభాకర్."

"ఎవ్వడన్న మైక్‌ల చెప్తడా అన్నా? మైక్‌ల?"

చెప్పనని ఏ మొహంతో అనను? ఆయన కారు తలుపు వేసిన చప్పుడుకి ఎదురింటి కుక్క మొరిగింది.

మా కారు వీధి చివర పెట్టాం. నేనూ, సాహితీ నడుస్తున్నాం. ఇంకో ఇరవై అడుగులు ఉందనగా ఎదురుగా ఒక పెద్ద నల్ల కారు వచ్చి ఆగింది. డ్రైవ్‌వే నిండా కార్లున్నాయి కదా, అందుకని వీధిలోనే దిగాడు. గవర్నరు గారు! టీవీలో కన్నా పొట్టి. కోటు తొడుక్కుంటూ మా ఇద్దర్నీ చూశాడు. మనిషి కనపడితే చెయ్యి కలపకుండా ఉండలేని జాతి కదా, నవ్వుకుంటూ తిన్నగా మా దగ్గరికే వచ్చాడు.

"హాయ్! వాట్స్ యువర్ నేమ్?"

"సాహితి, సర్."

"సా-హీ-టీ! బ్యూటిఫుల్ నేమ్. కాలేజీలో ఉన్నావా?"

"యెస్ సర్. పొలిటికల్ సైన్స్."

"వండర్‌ఫుల్! నీలాంటి పిల్లలే మా భవిష్యత్తు. ఎన్నేళ్లు?"

"ఆగస్టులో ఇరవై ఒకటి, సర్."

ఆయన మొహం వెలిగిపోయింది. "ట్వెంటీ వన్! ఓహో! ద బిగ్ వన్!" అని నా భుజం చరిచాడు. "డాడ్, ఆ రోజు కారు తాళాలు దాచిపెట్టుకో!"

ఇక్కడ ఇరవై ఒకటి అంటే ఏమిటో మీకు తెలుసుగా. చట్టప్రకారం మందు తాగే వయసు. ఆ వయసు పిల్లలు ఎదురైతే ఈ దేశంలో ప్రతి పెద్దమనిషీ వేసే జోకే అది. ఆయన మా నవ్వు కోసం ఆగాడు. నవ్వాం.

అక్కడితో వెళ్లిపోయినా బాగుండేది. వెళ్లలేదు. ఎవరో లోపల్నుంచి వచ్చి తీసుకెళ్లాలి కాబోలు, నిలబడ్డాడు. ఒక నిమిషం నిలబడ్డాడండీ. ఒకటిన్నర కూడా అయ్యుంటుంది. సాహితి చేతిలో ఫైలు ఉంది. ఎదురుగా మనిషి ఉన్నాడు. మధ్యలో ఎవరూ లేరు. "మరి మీరేం చేస్తుంటారు?" అని నన్ను పలకరించాడు కూడా.

నన్ను! మైకు లేకుండా అరవై మందికి వినిపించగలవాణ్ణి! చెప్పాలంటే ఒక్క వాక్యం. "సార్, ఆగస్టులో నా కూతుర్ని బయటికి పొమ్మంటారు." అంతే కదా! కానీ నా పేరు లాయరు చెవిలో అక్షరం అక్షరం పడి పావుగంట కాలేదు.

"నైస్ వెదర్, సర్," అన్నాను.

నూరు డిగ్రీల ఎండలో! ఆయన ఆకాశం వైపు చూసి, చెమట తుడుచుకుని, "ఇట్ ష్యూర్ ఈజ్" అన్నాడు. ఈలోగా కెల్లీ పరిగెత్తుకొచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్లిపోయింది.

కార్లో కూర్చుని ఏసీ వేశాను. ఇంక ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎందుకమ్మా అడగలేదు? ఎదురుగా ఉన్నాడు కదా! మూడు వారాలు నేర్చుకున్నావు కదా!"

"నా స్టోరీ చెప్తే ఆయన నా లాస్ట్ నేమ్ అడుగుతాడు, నాన్నా. కెల్లీని నాకు హెల్ప్ చెయ్యమని చెప్తాడు. కెల్లీ దగ్గర నీ నేమ్ ఉంది." సాహితి కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుతోంది. "నిన్ను క్యూలోంచి తీసేస్తే అమ్మ కూడా వెళ్లాలి. అప్పుడు ముగ్గురు. ఇప్పుడు నేను ఒక్కదాన్నే కదా."

స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గులేకుండా, గట్టిగా. నా ఏడుపు కూడా నా గొంతులాంటిదే, పక్కింటి వాళ్లు బ్లైండ్స్ తీసి చూశారు. సాహితి నా వీపు నిమిరి, "నాన్నా, అక్కడ అంత లౌడ్‌గా మాట్లాడి, ఇక్కడ వెదర్ ఏంటి నాన్నా?" అంది. అని, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఫైల్లో మొహం దాచుకుంది. అది నవ్వు కాదని కాసేపటికి గానీ తెలియలేదు.

చెక్కు వారంలో ప్రభాకర్‌కి తిరిగొచ్చింది. ప్రభాకర్ ఆ డబ్బు నా ఖాతాలో వేసి నా నంబరు బ్లాక్ చేశాడు. గవర్నమెంటు నుంచి ఇప్పటిదాకా ఏ ఉత్తరమూ రాలేదు. నేను డబ్బిచ్చి అడిగిన లాయరు రాదనీ చెప్పలేదు, వస్తుందనీ చెప్పలేదు. పోస్టు వచ్చినప్పుడల్లా లలితే వెళ్లి తెస్తుంది, నాకు చేతులాడవు.

ఆగస్టు వచ్చింది. సాహితి మా వీసా కింది నుంచి తెగిపోయి, స్టూడెంట్ వీసాకి పెట్టుకుంది. తన ఊళ్లోనే తను ఫారిన్ స్టూడెంట్ అయింది. చదువయ్యేదాకా ఉండొచ్చు. తర్వాత ఏ దేశమో మాకు తెలీదు.

పుట్టినరోజు పొద్దున్నే ముగ్గురం టిఫిన్ తింటుంటే సాహితి ఫోన్ మోగింది. గెస్టుల లిస్టులో ఈమెయిల్ అడ్రస్ ఇచ్చింది కదా, అప్పట్నుంచీ ఆ ప్యాక్ వాళ్లు డబ్బు పంపమని రోజుకి రెండు మెయిళ్లు కొడుతున్నారు. ఒక చేత్తో గెంటిన కెల్లీ వాళ్లే, రెండో చేత్తో కంప్యూటర్‌కి అప్పజెప్పారన్నమాట. ఆ రోజుది తెరిచి బల్ల మీద పెట్టింది. పైన పెద్ద అక్షరాలతో ఉంది: "సాహితీ, మమ్మల్ని వదిలి వెళ్లిపోతున్నావా?"

కింద గవర్నరు గారి ఫోటో, నవ్వుతూ. "నువ్వు ఇంకా మాతోనే ఉన్నావని ఈ అర్ధరాత్రి లోపు చెప్పు. ఐదు డాలర్లయినా చాలు."

లలిత ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సాహితి ఆ మెయిల్ చాలాసేపు చూసింది. ఇక ఇలాంటివి పంపకండి అని చెప్పే బటన్ అక్కడే కింద ఉంది, నొక్కలేదు. "కనీసం వీళ్లన్నా అడుగుతున్నారు," అంది.

కాబట్టి ఉత్తర అమెరికాలోని యావన్మంది తెలుగువారి ఎదుట, సాంబశివరావు అనే నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఈ జన్మలో మైకు ముట్టను. బారసాలకి పిలిచినా రాను, వచ్చినా వెనక వరుసలో కూర్చుంటాను. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వను, ఇచ్చినా చదవను, చదివినా 'లూ' సాగదీయను. నోరు మూసుకుని బతుకుతానని నా మీద నేనే ఒట్టు పెట్టుకుని సంతకం చేస్తున్నాను.

ఇది రాసి సాహితికి చూపించాను. తెలుగు చదవడం రాదు కదా, నేనే చదివి వినిపించాను. అంతా విని, "ఆ లాస్ట్ లైన్ తీసెయ్యి నాన్నా" అంది.

"ఏది?"

"నోరు మూసుకుని అన్నది. నెక్స్ట్ టైం మాట్లాడతాను అని రాయి."

కొట్టేసి, అలాగే రాశాను.